పీపీకి చోటిచ్చిన సింఫనీ

ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్‌లోని బోరబండ గల్లీల్లో బోనాల సందడి మొదలవుతుంది. డప్పుల మోతకు పోతరాజులు చిందులేస్తుంటారు, ఆడవాళ్లు బోనాలెత్తుకుని సాగిపోతుంటారు. వాళ్ల వెనకే ఎవరూ పిలవని పిల్లల మేళం ఒకటి బయల్దేరుతుంది. ఒకడి నోట్లో పీపీ. ఒకమ్మాయి చేతిలో నీళ్లు పోసి ఊదే ప్లాస్టిక్ పిట్ట. ఇంకొకడి చేతిలో కటకటలాడే గిలక. పెద్దవాళ్లకు అదంతా గోల. "ఇగ ఆపురా, చెవులు పోతున్నయ్" అని కసురుకుంటారు.

సరిగ్గా ఇలాంటి బొమ్మలనే సుమారు రెండున్నర శతాబ్దాల కిందట ఐరోపాలో ఒక సంగీతకర్త తీసుకెళ్లి వయొలిన్ విద్వాంసుల పక్కన కూర్చోబెట్టాడు. బొమ్మ బూర, బొమ్మ డోలు, గిలక, మూడు రకాల పిట్టల ఈలలు ఆ ఆర్కెస్ట్రాలో ఉన్నాయి. ఆ రచన పేరు టాయ్ సింఫనీ. పది నిమిషాలైనా పట్టని ఈ చిన్న కృతిని పాశ్చాత్య దేశాల్లో బడులూ ఆర్కెస్ట్రాలూ క్రిస్మస్ రోజుల్లో ఇప్పటికీ ముచ్చటగా వాయిస్తాయి. వయొలిన్లు వాయించేది నేర్చిన చేతులు, పీపీ ఊదేది సంగీతం బొత్తిగా రాని పిల్లాడైనా కావచ్చు. అయినా వినేవాళ్లకు ఎక్కడా అపశ్రుతి తగలదు.

అదెలా సాధ్యం? సగం జవాబు ఆ బొమ్మల లోపల జరిగే శబ్దశాస్త్రంలో ఉంది. మిగతా సగం వాటికి చోటు చూపించిన స్వరకర్త తెలివిలో ఉంది.

రాసిందెవరు?

ఈ సింఫనీ చాలాకాలం జోసెఫ్ హేడన్ పేరుతో చలామణీ అయింది. ఆయన జర్మనీ, ఆస్ట్రియా సరిహద్దు కొండల్లోని బెర్ష్‌టెస్‌గాడెన్ సంతలో బొమ్మలు కొనుక్కొచ్చి పిల్లల కోసం దీన్ని రాశాడని ఒక కథ. వినడానికి బాగుంటుంది, కానీ ఆధారం లేదు. 1951లో ఎర్న్‌స్ట్ ఫ్రిట్జ్ ష్మిడ్ అనే పరిశోధకుడు మ్యూనిక్ గ్రంథాలయంలోని ఒక రాతప్రతిలో ఇవే భాగాలను గుర్తించాడు. దాని మీదున్న పేరు లియొపోల్డ్ మొజార్ట్‌ది. జగత్ప్రసిద్ధుడైన మొజార్ట్‌కు తండ్రి ఆయన. సాల్జ్‌బర్గ్ ఆస్థానంలో విద్వాంసుడు, వయొలిన్ వాదనం మీద 1756లో పెద్ద పాఠ్యగ్రంథం రాసినవాడు. బొమ్మలు తయారయ్యే బెర్ష్‌టెస్‌గాడెన్ సాల్జ్‌బర్గ్‌కు దగ్గరే కావడంతో ఈ వాదన బాగా నిలబడింది.

1990లలో మూడో పేరు ముందుకొచ్చింది. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో స్టామ్స్ అనే క్రైస్తవ మఠం ఉంది. అక్కడి పాత కాగితాల్లో దొరికిన మరో రాతప్రతి ఎడ్మండ్ ఆంగెరర్ అనే సన్యాసిని కర్తగా చూపిస్తోంది. ఆయన 1740లో పుట్టి 1794లో పోయాడు. ఆ ప్రతిలో రచన పేరే "బెర్ష్‌టెస్‌గాడెన్ సంగీతం". నేడు ఎక్కువమంది ఆంగెరర్ వైపే మొగ్గుతున్నారు, వివాదం మాత్రం పూర్తిగా సమసిపోలేదు. కర్త పేరు రెండుసార్లు మారినా బొమ్మల ఊరి పేరు రచనను అంటిపెట్టుకునే ఉంది. ఆ ఊళ్లో లేత్ మీద కర్ర తిప్పి బూరలు, ఈలలు, గిలకలు చేసిన వడ్రంగుల పేర్లు ఏ ప్రతిలోనూ లేవు. వాళ్ల చేతిపని లేకపోతే ఈ సంగీతమే పుట్టేది కాదు.

ఒక్కో బొమ్మకు ఒక్కో చోటు

సంగీతం తెలిసినవాళ్లు స్వరపత్రం చూస్తే మొదట గమనించేది దాని నిరాడంబరత. రాగం నడిపే బాధ్యతంతా రెండు వయొలిన్ వరుసలది, ఒక మంద్ర తంత్రీవాద్యానిది. బొమ్మలకు అప్పగించింది వాటి చేతనైనంత పనే. ఎక్కువగా వాయించే పాఠం సి మేజర్‌లో ఉంటుంది. మన లెక్కలో సి షడ్జం అనుకుంటే, బొమ్మ బూరకు వచ్చేది జి ఒక్కటే, అంటే పంచమం. షడ్జం తర్వాత అంత నిలకడైన స్వరం పంచమమే. తంబురా తీగల్లో దానికి చోటుండేది అందుకే. రాగం ఎటు తిరిగినా పంచమం వచ్చి కలిసే తావులు బోలెడు దొరుకుతాయి. స్వరకర్త ఆ తావులు ఎంచి, అక్కడ మాత్రమే బూర ఊదమన్నాడు. మిగతా చోట్ల దానికి విరామం.

కుకూ పిట్ట ఈలకు రెండు స్వరాలు వస్తాయి. ముందు పంచమం, ఆపైన కిందికి దిగి అంతర గాంధారం. షడ్జ, గాంధార, పంచమాలు కలిస్తేనే మేజర్ శ్రుతిమేళం ఏర్పడుతుంది కాబట్టి పిట్ట ఎక్కడ కూసినా ఇంటి మనిషిలా ఇమిడిపోతుంది. కౌజు పిట్ట ఈలకు ఒకటే స్వరం, దాని అందమంతా లయలో ఉంది. ఒక దీర్ఘం, వెంటనే కురచగా ఒక దెబ్బ, మళ్లీ ఇంకొకటి. అడవి కౌజు కూసేదీ అలాగే. నైటింగేల్ ఈలకు నిలకడైన స్వరమే లేదు. నీళ్లలోంచి గలగలా కిలకిలలాడుతుంది. గిలకకు, డోలుకు లయ తప్ప మరేమీ అక్కర్లేదు.

ఈ మూడు పిట్టలూ తర్వాత చాలా పెద్ద వేదిక ఎక్కాయి. 1808లో బీతోవెన్ తన ఆరో సింఫనీ రెండో భాగం చివర నైటింగేల్‌ను ఫ్లూట్‌తో, కౌజును ఓబోతో, కుకూను క్లారినెట్‌తో పలికించాడు. పల్లెపట్టు వర్ణనకు ఆయన ఎంచుకున్నవీ టాయ్ సింఫనీలోని పిట్టలే.

రచనలో మూడు భాగాలున్నాయి. మొదటిది హుషారైన నడక. రెండోది మినుయెట్ అనే నృత్యం, మన తిశ్రగతిలా మూడేసి దెబ్బల లెక్క. చివరి భాగం చిన్నది, దాన్ని మూడుసార్లు వాయించాలి, ప్రతిసారీ మునుపటికన్నా వేగంగా. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలను మూడు కాలాల్లో పాడతారు కదా, ఆ పట్టుదల వంటిదే ఇక్కడా కనిపిస్తుంది. కాకపోతే మన మూడు కాలాల్లో వేగం కచ్చితంగా రెట్టింపవుతూ పోతుంది, ఇక్కడ చేతనైనంత పెంచుకోవచ్చు. మూడో విడతకు వచ్చేసరికి బొమ్మలు పట్టుకున్న పిల్లలకు ఊపిరాడదు, అంత ఉత్సాహం.

పీపీ గొంతు ఎక్కడుంది?

జాతరలో దొరికే ప్లాస్టిక్ పీపీ నోటికొనను ఊడదీసి చూడండి. లోపల సన్నని గాడి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ నాలుక ఒకటి ఉంటుంది. ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసి ఉంటుంది. మనం ఊదినప్పుడు గాలి ఆ సందులోంచి వేగంగా దూసుకుపోతుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది, నాలుక గాడి మీదికి వంగి దారి మూసేస్తుంది. గాలి ఆగగానే నాలుక తన బిగువుతో వెనక్కి లేస్తుంది. దారి తెరుచుకుంటుంది, గాలి మళ్లీ దూసుకొస్తుంది. ఇలా సెకనుకు 440 సార్లు మూసుకుని తెరుచుకుంటే మన చెవికి 440 హెర్ట్జ్ స్వరం వినిపిస్తుంది.

స్వరం ఏ ఎత్తున మోగాలో ప్రధానంగా నిర్ణయించేది ఆ నాలుక పొడవు, మందం. ఒక చివర బిగించిన పట్టీ పౌనఃపున్యం దాని పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. పొడవు సగమైతే పౌనఃపున్యం నాలుగు రెట్లవుతుంది, అంటే స్వరం రెండు స్థాయిలు పైకెక్కుతుంది. చిన్న తేడాలకూ ప్రభావం ఎక్కువే. 20 మిల్లీమీటర్ల నాలుక కోతలో 2 మిల్లీమీటర్లు కురచైందనుకోండి, పౌనఃపున్యం 23 శాతం పెరుగుతుంది. షడ్జం పలకాల్సిన పీపీ అంతర గాంధారం దరిదాపుల్లో పలుకుతుంది. ఒకే బండి మీద, ఒకే రంగులో, ఒకే వరుసలో వేలాడే రెండు పీపీలు ఒకే శ్రుతిలో మోగకపోవడానికి కారణం ఇదే. పిల్లలంతా కలిసి ఊదితే గోలగా వినిపించడానికీ ఇదే కారణం. ఏ పీపీకి ఆ పీపీ శ్రుతిగానే ఉంటుంది, తగవు వాటి మధ్యనే.

హార్మోనియం మరమ్మతు చేసేవాళ్లకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. హార్మోనియంలోనూ మోగేది లోహపు నాలుకలే. స్వరం దిగిపోయిందనిపిస్తే నాలుక కొసను కాస్త గీకుతారు. కొస బరువు తగ్గి స్వరం పైకెక్కుతుంది. స్వరం ఎక్కువైందనిపిస్తే మొదట్లో గీకుతారు. అక్కడ బిగువు తగ్గి స్వరం దిగుతుంది. ఓపికుంటే ప్లాస్టిక్ పీపీని కూడా ఇలాగే దారికి తేవచ్చు.

పల్లెల్లో పిల్లలు చేసుకునే కొబ్బరాకు బూరది ఇంకో పద్ధతి. ఆకును సన్నగా మొదలుపెట్టి వెడల్పయ్యేలా చుట్టి, సన్నటి కొసను పళ్లతో నొక్కితే రెండు ఆకు పొరలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఊదితే రెండూ కొట్టుకుంటాయి. జంట నాలుకల ఈ సూత్రం మీదే నాదస్వరం మోగుతుంది. చుట్టిన ఆకు వెడల్పవుతూ పోయే తీరు నాదస్వరం గొట్టాన్నే తలపిస్తుంది, పనీ అదే, లోపల పుట్టిన శబ్దాన్ని బయటి గాలికి సాఫీగా అందించడం.

ఇంత చిన్న పీపీ జాతర హోరును చీల్చుకుని ఎలా వినిపిస్తుంది? నాలుక దారిని ఠక్కున మూయడం, తెరవడం వల్ల మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఇలా ఎన్నో అతిస్వరాలు బలంగా పుడతాయి. మనిషి చెవి గొట్టం పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవున్న, ఒక వైపు మూసిన గొట్టం 3,400 హెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది. పీపీ అతిస్వరాలు సరిగ్గా ఆ ప్రాంతంలో దట్టంగా ఉంటాయి. అంటే ఆ శబ్దాన్ని మన చెవే పెద్దది చేసి వింటోంది. అందుకే ఒక జాగ్రత్త చెప్పాలి. చిన్న మూలం నుంచి వచ్చే శబ్దం ఆరుబయట దూరం పదింతలైతే 20 డెసిబెళ్లు తగ్గుతుంది. మీటరు దూరంలో ముచ్చటగా ఉన్న పీపీని చెవికి పది సెంటీమీటర్ల దగ్గర ఊదితే అంతకు 20 డెసిబెళ్లు ఎక్కువ వినిపిస్తుంది. పసివాళ్ల చెవి పక్కన ఊదనివ్వకూడదు.

పిట్ట ఎందుకు కూస్తుంది?

పిట్ట ఈలలో నాలుక ఉండదు. సన్నటి పాయగా వెళ్లే గాలి ఎదురుగా ఉన్న పదునైన అంచుకు తగిలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. లోపలి గాలి గది ఆ ఊపుకు తన సొంత లయను అంటగడుతుంది. గొట్టంలాంటి గది అయితే పొడవు లెక్క. ఒక చివర మూసిన గొట్టంలో మోగే మూల స్వరం తరంగదైర్ఘ్యం గొట్టం పొడవుకు నాలుగింతలు ఉంటుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, 784 హెర్ట్జ్ పంచమానికి సుమారు 11 సెంటీమీటర్ల గొట్టం కావాలి. దానికింది 659 హెర్ట్జ్ గాంధారానికి 13 సెంటీమీటర్లు కావాలి. రెండు సెంటీమీటర్ల తేడాలో కుకూ పిట్ట కూత మొత్తం ఇమిడిపోయింది. కుకూ గడియారాల్లో ఇందుకోసం రెండు చిన్న గొట్టాలు, రెండు తిత్తులు పెడతారు. చేతి బొమ్మలో ఒక రంధ్రంతో సరిపెడతారు. వేలితో మూస్తే కింది స్వరం, తెరిస్తే పై స్వరం.

ఐరోపా కుకూ మన కోయిల కాదు, దాని దాయాది. రెండూ ఒకే కుటుంబం పక్షులు, రెండూ పరాయి గూళ్లలోనే గుడ్లు పెడతాయి. కూత మాత్రం వేరు. కుకూ పై స్వరం నుంచి కిందికి దిగుతుంది. వేసవిలో మన చింతచెట్టు మీద కోయిల కింది నుంచి పైకి లేపుతుంది, అలా పిలిచిన కొద్దీ మరింత పైకి పోతుంది. మన నేలకు తగిన టాయ్ సింఫనీ రాసేవాళ్లు పిట్ట కూతను తిరగేసి రాసుకోవాలి. దానికి రెండు స్వరాల ఈల చాలదు, కిందికీ పైకీ జారే ముషలకం (పిస్టన్) బిగించిన ఈల కావాలి.

మట్టితో చేసే గుండ్రటి పిట్ట ఈలలో పొడవు లెక్క పనిచేయదు. అక్కడ లెక్కలోకి వచ్చేది లోపలి గాలి ఘనపరిమాణం. దీని గణితాన్ని పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ తేల్చాడు. మూతి మారకుండా లోపలి గాలి సగానికి తగ్గితే పౌనఃపున్యం 1.41 రెట్లవుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఆ సంఖ్యను ఇట్టే గుర్తుపడతారు. షడ్జం నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న దూరం అది. గాలి నాలుగో వంతుకు తగ్గితే స్వరం సరిగ్గా పై షడ్జానికి చేరుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊది, తర్వాత సగం నీళ్లు పోసి ఊదితే ఈ మార్పు ఇంట్లోనే వినొచ్చు.

నీళ్ల పిట్టలో గొట్టం కొస నీళ్లలో మునిగి ఉంటుంది. ఊదితే గాలి ఒత్తిడికి గొట్టంలోని నీరు కిందికి జరుగుతుంది. గాలికి చోటు పెరిగి స్వరం దిగుతుంది. బుడగలు తప్పించుకోగానే నీరు మళ్లీ పైకి ఎగదన్నుతుంది, స్వరం ఎక్కుతుంది. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ దోబూచులాటే మనకు కిలకిలలా వినిపిస్తుంది. నీళ్లు మరీ తక్కువ పోస్తే మామూలు ఈల అవుతుంది, నిండా పోస్తే ఉమ్మిలా చిందుతుంది. నాలుగు చుక్కలు అటూ ఇటూ చేసి చూసుకోవాల్సిందే.

ఈలలకూ పీపీలకూ ఇంకో పెద్ద తేడా వాతావరణంతో వస్తుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు ఎండ పెరిగితే శబ్దవేగం 3.4 శాతం పెరుగుతుంది. ఈల స్వరం కూడా అంతే శాతం ఎక్కుతుంది. ఒక స్వరస్థానానికి, పక్క స్వరస్థానానికి ఉండే ఎడంలో అది సగం కన్నా ఎక్కువ. ఊదే ఊపిరి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి నిజంగా వచ్చే తేడా ఇంతకన్నా తక్కువే. పీపీ నాలుక స్వరం తన బిగువు మీద ఆధారపడుతుంది, గాలి వేడిని అది పెద్దగా పట్టించుకోదు. డిసెంబర్ చలిలో కలిసి మోగిన ఈలా పీపీ మే నెల ఎండలో విడిపోవచ్చు. అందుకే కచేరీ రోజున మళ్లీ శ్రుతి చూసుకోవాలి.

గిలక, డోలు చేసే పని

గిలక లోపల పళ్ల చక్రం, దాన్ని ఒరుసుకునే కర్ర నాలుక ఉంటాయి. ఒక్కో పంటి మీదినుంచి నాలుక జారి పడ్డప్పుడల్లా ఒక 'టక్'. మెల్లగా తిప్పితే దెబ్బలు విడివిడిగా వినిపిస్తాయి. సెకనుకు ఇరవై దాటితే చెవి వాటిని విడదీయలేక ఒక స్వరంగా కలిపేసుకోవడం మొదలుపెడుతుంది. 1681లో రాబర్ట్ హుక్ పళ్ల చక్రాలతో, పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ సవార్ పళ్ల చక్రానికి అట్ట తాకించి చేసిన ప్రయోగాలు స్వరం అంటే సెకనుకు ఇన్ని దెబ్బలని లెక్కగట్టి చూపించాయి. లయ, స్వరం వేర్వేరు పదార్థాలని మనం అనుకుంటాం. గిలక తిప్పే పిల్లాడి చేతిలో ఒకటి రెండోదిగా మారుతూ ఉంటుంది.

డోలుకు నిలకడైన స్వరం ఎందుకుండదో చెప్పాలంటే దాని చర్మం ఎలా ఊగుతుందో చూడాలి. తీగ మోగినప్పుడు అతిస్వరాలు మూల స్వరానికి 2, 3, 4 రెట్లు ఉంటాయి. అన్నీ కలిసి ఒకే స్వరంగా వినిపిస్తాయి. మామూలు చర్మం మీద అవి 1.59, 2.14, 2.30, 2.65 రెట్లు ఉంటాయి. పూర్ణ సంఖ్యలు కాని ఈ అతిస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే 'ఢం' అనే వినిపిస్తుంది, స్వరం తేలదు. మృదంగం కుడి మూతి మీద నల్లటి మచ్చ అతికేది ఈ లోపాన్ని సరిదిద్దడానికే. ఆ బరువు అతిస్వరాలను పూర్ణ సంఖ్యల దగ్గరికి లాగుతుందని 1920లో శివకాళి కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో ప్రకటించినవాడు సి.వి. రామన్. విశాఖపట్నంలో చదువుకుని పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ దాటినవాడు ఆయన.

బోనాల డప్పుకు మచ్చ ఉండదు, దాని బలం వేరు. ఆషాఢం ముసురుకు చర్మం తేమ పీల్చి సడలుతుంది. దరువు మొదలుపెట్టే ముందు వాద్యకారులు మంట రాజేసి డప్పును కాచడం ఇందుకే. తేమ ఆరి చర్మం బిగుస్తుంది. తన్యత 21 శాతం పెరిగితే పౌనఃపున్యం 10 శాతం పెరుగుతుంది. అటుపైన చిర్రతో, సిటికెన పుల్లతో కొట్టే దెబ్బ ఖంగుమంటుంది. కాగితం అంటించిన బొమ్మ డోలుదీ ఇదే గతి. వాన పడ్డ సాయంత్రం అది మూగబోతుంది.

బెర్ష్‌టెస్‌గాడెన్ నుంచి ఏటికొప్పాక దాకా

బెర్ష్‌టెస్‌గాడెన్ వడ్రంగులకు తోబుట్టువుల్లాంటివాళ్లు మనకు ఏటికొప్పాకలో ఉన్నారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు లక్క ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. రంగులు ఆకులు, గింజలు, వేళ్ల నుంచి తీస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం దశాబ్దాలు పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది.

అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నని పొరలతో ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది, అంచులు పెచ్చులూడవు. ఈలకు కావాల్సింది సరిగ్గా అదే, పదునైన నున్నటి అంచు. గిలక్కాయకు కావాల్సింది పల్చటి గోడ. గిలక్కాయ లోపలి గింజలు ఒక్క ఊపుకు ఎన్నోసార్లు గోడను తాకుతాయి. ఆ చిన్న చిన్న దెబ్బల్లో ఏవి బాగా వినబడాలో కర్ర గది ఎంచిపెడుతుంది. అందుకే ప్లాస్టిక్ గిలక్కాయ కరకరలాడితే, కర్రది గుసగుసలాడుతుంది. సహజ రంగుల లక్క కావడంతో పసివాళ్లు నోట్లో పెట్టుకున్నా బెంగ ఉండదు. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు బీఐఎస్ నాణ్యతా గుర్తు తప్పనిసరి అయింది. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు.

ఫిల్మ్‌నగర్ పక్కనే ఉంటూ

బోరబండకు ఆ పక్కనే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. తెలుగు సినిమా పాటలు, నేపథ్య సంగీతం ఎన్నో తయారయ్యే చోటు అది. సినిమా ఆర్కెస్ట్రాలో సైడ్ రిథమ్ అనే ఒక స్థానం ఉంటుంది. గజ్జెలు, కంజీర, గిలక్కాయలు, చెక్కలు అన్నీ ఆ కళాకారుడి ముందే పరిచి ఉంటాయి. పాట మొత్తంలో అతను రెండుసార్లే గజ్జె ఊపొచ్చు, కానీ ఆ రెండుసార్లూ క్షణం తప్పకూడదు. టాయ్ సింఫనీలో పిల్లాడు చేసేదీ సైడ్ రిథమ్ పనే.

ఇప్పుడు చాలావరకు ఈ శబ్దాలు శాంప్లర్ నుంచి వస్తున్నాయి. పీపీ శబ్దాన్ని ఒకసారి రికార్డు చేసుకుంటే చాలు, కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కితే ఆ స్వరంలో మోగుతుంది. పాట శ్రుతి మారితే పీపీ శ్రుతి కూడా మారిపోతుంది. స్వరకర్తలకు అది గొప్ప సౌకర్యం, కాదనలేం. కానీ అందులో పీపీ పాటకు లొంగుతుంది. టాయ్ సింఫనీలో పాట పీపీకి లొంగింది. మారలేనిది ఏదో ముందు చూసుకుని, మారగలిగిన వయొలిన్లను దాని చుట్టూ అల్లాడు ఆ స్వరకర్త. నా దృష్టిలో ఈ చిన్న రచన నేర్పే అతి పెద్ద పాఠం ఇదే. గుంపులో అందరికన్నా తక్కువ చేతనైనవాడు ఏ స్వరంలో నిలబడగలడో ఆ స్వరానికే తక్కినవాళ్లు శ్రుతి కలిపితే, వాడూ విద్వాంసుల సరసన కూర్చుంటాడు. సంగీతం దిగజారదు.

ఈ దారిలో నడిచినవాళ్లు తర్వాత కూడా ఉన్నారు. మెండెల్సన్ తన ఇంట్లో క్రిస్మస్‌కు 1827లో ఒక పిల్లల సింఫనీ రాశాడు, అది మనకు దక్కలేదు. జాన్ కేజ్ 1948లో బొమ్మ పియానో కోసం ఒక సూట్ రాశాడు. మాల్కమ్ ఆర్నాల్డ్ 1957లో కొత్త టాయ్ సింఫనీ రాశాడు. మన జాతర బొమ్మలకు మాత్రం ఇప్పటికీ వాటి పాట రాలేదు. రావాలి.

దానికి పెద్ద హంగులేమీ అక్కర్లేదు. బోరబండలోని ఏ బడిలోనైనా చేయొచ్చు. పిల్లలు తమ పీపీలన్నీ తెచ్చి ఫోన్‌లోని ట్యూనర్ యాప్ ముందు ఒక్కొక్కటీ ఊది, వచ్చిన పౌనఃపున్యాన్ని దాని మీదే మార్కర్‌తో రాయాలి. సైన్సు తరగతికి అంతకన్నా మంచి ప్రయోగం ఉండదు. అన్నిటికన్నా నిలకడగా మోగే పీపీని పంచమంగా పెట్టుకోవాలి. అది 440 హెర్ట్జ్ పలికితే షడ్జం దానిలో మూడింట రెండు వంతులు, 293 హెర్ట్జ్. సంగీతం మాష్టార్లు దాన్నే రెండు శ్రుతి అంటారు, పిల్లల గొంతుకు అది ఇబ్బంది పెట్టేది కాదు. శ్రుతి పెట్టెను అక్కడికి మార్చాలి. రాగం మోహనమైతే మేలు. అందులో షడ్జం, గాంధారం, పంచమం మూడూ ఉన్నాయి, కాబట్టి రెండు స్వరాల పిట్ట దొరికినా ఒదిగిపోతుంది. ఒక వయొలిన్ లేదా హార్మోనియం ఆది తాళంలో వరుస నడపాలి. పీపీ పంచమం వచ్చే అక్షరం మీదే మోగాలి. నీళ్ల పిట్టకు దీర్ఘస్వరాలు వదలాలి. గిలక తీర్మానానికి ముందు తిరగాలి. కాచిన డప్పు సమం చూపించాలి. చివరి భాగాన్ని మూడుసార్లు, వేగం పెంచుతూ వాయించాలి.

ఇందులో పిల్లలు నేర్చుకునేది ఊదడం కన్నా ఆగడం. తన వంతు వచ్చేదాకా అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పక్కవాళ్లను వినడం. బీతోవెన్ సింఫనీలో కూర్చున్న విద్వాంసుడైనా, సినిమా నేపథ్య సంగీత రికార్డింగులో గజ్జె పట్టుకున్న కళాకారుడైనా బతుకంతా చేసేది ఆ పనే. ఆ పని మన పిల్లలకు ఒక్క పీపీతో నేర్పవచ్చు. ఫిల్మ్‌నగర్ స్వరకర్తల్లో ఎవరైనా ఒక్కరు పూనుకుని నాలుగు నిమిషాల వరుస కట్టిస్తే, వచ్చే బోనాల నాటికి దాన్ని వాయించడానికి బొమ్మలూ పిల్లలూ ఇక్కడ సిద్ధంగానే ఉన్నారు.